కొండ తన కథ తానే రాసుకునే వేళ

(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పడానికి ఒక కొత్త మాస్టారు చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. అంటే ఉద్యోగంలో చేరేనాటికి వయసు 17 ఏళ్ళకు అటూ ఇటూ. తండ్రి 1875లో విషజ్వరంతో పోయారు. మేనమామ గారి ఆసరాతో విజయనగరం మహారాజావారి బడిలో చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఆ బడిలో ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఇంటి బరువు మోస్తున్న కుర్రవాడు, కొత్త ఊరు, చిన్న ఉద్యోగం. గిడుగు వెంకట రామమూర్తి బతుకు తెరువు అలా మొదలైంది.

గిడుగు అనగానే అందరికీ గుర్తొచ్చేది వాడుక భాష కోసం పండితులతో తలపడిన పెద్దాయన. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ సభల్లో దండ వేసేది ఆ పెద్దాయన పటానికే. ఈ ఉపన్యాసం మాత్రం ఆ 17 ఏళ్ళ మాస్టారి గురించి, ఆయన తిరిగిన తూర్పు కనుమల్లో ఇవాళ అదే వయసులో కలం పట్టుకుంటున్న పిల్లల గురించి.

పర్లాకిమిడికి చుట్టుపక్కల కొండల నుంచి సవర తెగవాళ్ళు వస్తూ పోతూ ఉండేవారు. వాళ్ళ మాట ఊళ్ళో వాళ్ళకు అర్థమయ్యేది కాదు, అర్థం చేసుకోవాలన్న పట్టింపూ లేదు. ఆ కుర్ర మాస్టారికి పట్టింది. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. అందుకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. విన్నది రాసుకోవడం, రాసుకున్నది తిరిగి పలికి సరిచూసుకోవడం, అంతే. తర్వాత సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, పంతుళ్ళకు తానే జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం వెయ్యి రూపాయల పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో ఆ పిల్లలకే ఒక మంచి బడి పెట్టమన్నారని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. మింగిన క్వినైను చెవుల మీద పడి, జీవితాంతం చెవుడు మిగిలింది.

ఆ రోజుల్లోనే మద్రాసులో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారతపు కులాల మీద, తెగల మీద సమాచారం కూడబెడుతున్నాడు. 1909లో అది ఏడు సంపుటాలుగా అచ్చయింది. మనుషుల ముక్కుల పొడవు వెడల్పులు, తలల చుట్టుకొలతలు కొలిచి రాసుకోవడం ఆయన పద్ధతి. ఒకరు కొండ మనిషి ముక్కు కొలిచారు, ఒకరు అదే మనిషి మాట విని విని చెవులు పోగొట్టుకున్నారు. కొండల గురించి రాసేవాళ్ళెవరైనా ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

అయితే ఇక్కడే ఒక నిజం ఒప్పుకోవాలి. గిడుగు సవర వ్యాకరణం 1931లో వచ్చింది, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. రెండూ మహత్తర గ్రంథాలే. అట్టమీద పేరు మాత్రం గిడుగుది. ఆయన ఇంట్లో ఉండి భాష నేర్పిన ఆ మనిషి పేరు తెలుగు పాఠకుల నాలుక మీద లేదు. ఆయన పెట్టిన బళ్ళలో అక్షరాలు దిద్దిన పిల్లల్లో ఎవరైనా తర్వాత కథో పాటో రాసి అచ్చు వేసుకున్నారా అని మన సాహిత్య చరిత్ర అడగలేదు. చదవడం నేర్పాక రాయడం మొదలవ్వాలి. గిడుగు పనిలో అది మిగిలిపోయిన సగం. తప్పు ఆయనది కాదు. ఒక మనిషి ఆయుష్షు అంతవరకే సరిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులోకి పోతుంటే, 55 ఏళ్ళకు పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరిలో కన్నుమూశారు.

విశేషమేమిటంటే, సరిగ్గా ఆ 1936లోనే సవరల్లోంచి మంగేయి గొమాంగో అనే ఆయన తమ భాష కోసం సొరాంగ్ సొంపెంగ్ అనే కొత్త లిపి తయారు చేశాడు. మైదానం నుంచి వచ్చిన మాస్టారు కొండ ప్రాంతం విడిచి వెళ్ళిన ఏడాది, కొండ తన అక్షరాలు తాను గీసుకుంది. ఇప్పటికీ సవరను తెలుగు, ఒడియా, రోమన్, సొరాంగ్ సొంపెంగ్ లిపుల్లో రాస్తున్నారు. 2011 జనగణన ప్రకారం సవర మాట్లాడేవాళ్ళు 4 లక్షలకు పైనే. అంత జనం నాలుగు లిపుల మధ్య చీలి ఉంటే, సవరలో ఒక నవల రాసిన కుర్రవాడికి పాఠకుడు ఏ గట్టున దొరుకుతాడు? కొండల్లో కలం పట్టేవాళ్ళ ముందు మొదట నిలబడే ప్రశ్న ఇదే, ఇది ప్రతిభకు సంబంధించింది కాదు.

అరకు లోయ సంగతి ఇంకా చిక్కైనది. బగత, కొండదొర, వాల్మీకి, కొటియా, పోర్జా, గదబ, కోందు, నూకదొర – ఇన్ని తెగలు దగ్గర దగ్గర ఊళ్ళలో ఉంటాయి. కోందులు కువి మాట్లాడతారు. కొండదొరల్లో కొందరికి కూబి ఇంటి భాష. వాల్మీకుల్లో కుపియా ఉంది. వీళ్ళందరినీ సంతలో కలిపేది ఆదివాసీ ఒడియా. ఒక పిల్ల ఇంట్లో కువిలో ఏడ్చి, సంతలో ఆదివాసీ ఒడియాలో బేరమాడి, ఆశ్రమ పాఠశాలలో తెలుగులో పాఠం విని, పరీక్ష ఇంగ్లీషులో రాయడం ఇక్కడ వింత కాదు. పదేళ్ళ వయసుకే నాలుగు భాషల మధ్య తిరగడం వచ్చిన పిల్లను మైదానంలోని బడి మాత్రం ‘చదువులో వెనకబడింది’ అంటుంది.

ఈ భాషల మీద పని జరగలేదని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి యువకుడిగా ఉన్నప్పుడు, 1950లలో, అరకు ప్రాంతంలో తిరిగి కూబి భాషను అధ్యయనం చేశారు. 1969లో అది ‘కొండ లేక కూబి’ అనే ఇంగ్లీషు గ్రంథంగా వచ్చింది. దాని ఉపశీర్షికలో వ్యాకరణం కంటే ముందు పాఠాలు అన్న మాట ఉంది. అంటే వ్యాకరణం, పదకోశంతో పాటు కూబివాళ్ళు తమ నోట చెప్పిన మాటలూ అందులో ఉన్నాయి. ద్రావిడ భాషలు చదివే విద్యార్థులు ఆ పుస్తకం తిరగేస్తారు. దానికి ఆధారం కొండవాళ్ళ నోటి మాటే. వాక్యాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అరకు కొండల్లో ఎవరూ బయటివాళ్ళ దగ్గర నేర్చుకోలేదు. భాషాశాస్త్రం వాళ్ళను సమాచారం ఇచ్చినవాళ్ళుగా లెక్కవేసింది. సాహిత్యమైతే కథకులనే అనాలి.

కొండల మీద ప్రేమతో రాసిన మైదానపు రచయితలు తెలుగులో ఉన్నారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం రోజుల్లో జముకుల కథ చెప్పి జనాన్ని కూడగట్టిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో ప్రాణమే ఇచ్చాడు. ‘కొండగాలి’ కథలు రాసిన భూషణం ఆ పోరాటపు వేడిని కథలోకి తెచ్చారు. అట్టాడ అప్పలనాయుడు పోడు బతుకుల్ని రాశారు. అప్పటి తూర్పు గోదావరి ఏజెన్సీలోని శరభవరంలో పుట్టి, గిరిజన సంక్షేమ శాఖలో పనిచేసిన వాడ్రేవు చినవీరభద్రుడు ఆశ్రమ పాఠశాలల అనుభవాలను ‘కొన్ని కలలు కొన్ని మెలకువలు’లో పెట్టారు. సరిహద్దుకు అవతల కోరాపుట్ కొండల మీద గోపీనాథ్ మహంతి రాసిన ‘అమృతర సంతాన’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఒడియా భాషకు ఆ అవార్డు రావడం అదే మొదలు. ఒక ప్రభుత్వోద్యోగి కోందుల బతుకు రాస్తే ఒక భాషా సాహిత్యం తలెత్తుకుని నిలబడింది.

వీళ్ళందరికీ కృతజ్ఞత చెప్పుకోవాల్సిందే. కానీ ఎంత ప్రేమించినా వీళ్ళు కొండను చూసింది బయటి నుంచో, పక్క నుంచో. తన అమ్మమ్మ గురించి మనవడు రాసేదీ, ఆ ఇంటికి వచ్చిపోయే డాక్టరు గారు రాసేదీ ఒకటి కాదు. ఇద్దరూ నిజమే రాయొచ్చు. మనవడికి ఆమె మీద కోపం వచ్చే హక్కు కూడా ఉంటుంది.

ఆ మనవడు తెలుగులోకి వచ్చేశాడు. పార్వతీపురం కొండల్లో, గుమ్మలక్ష్మీపురం ప్రాంతం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు మల్లిపురం జగదీశ్ కథలు ‘శిలకోల’, ‘గురి’ సంపుటాలుగా వెలువడ్డాయి. ఉత్తరాంధ్ర కథలో గిరిజనుడు పాత్రగా కనిపించడం పాత సంగతి. రచయితగా అట్ట మీద కనిపించడం ఈ కాలపు సంగతి. జగదీశ్ లాంటివాళ్ళ దగ్గర మరో విషయం గమనించాలి. కొండల్లో కలం పట్టిన చదువుకున్న తరంలో బడిపంతుళ్ళు ఎక్కువ. ఉద్యోగం బడిలో, పిల్లలు ఎదురుగా, సాయంత్రం కాస్త వెసులుబాటు. గిడుగు ఉద్యోగం కూడా అదే.

వయసు చూస్తే ఈ ఉపన్యాసానికి దగ్గరి మనిషి ఇంకొకరున్నారు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్. ఆయనది తూర్పు కనుమల నేల కాదు, బంజారా తండా. కానీ ఆయన నడిచిన దారి అరకు పిల్లలు చూడదగ్గది. 2018లో, ఇరవై ఏళ్ళ ప్రాయంలో ‘బల్దేర్ బండి’ కవితలు తెచ్చాడు. 2021లో ‘ఢావ్లో’ కథలు. పెళ్ళికూతురు పుట్టింటిని వదిలి వెళ్ళేటప్పుడు బంజారా ఆడవాళ్ళు పాడే ఏడుపు పాటను ఢావ్లో అంటారు. ఆ పేరునే తెలుగు కథల పుస్తకానికి పెట్టాడు, సంజాయిషీ ఇవ్వకుండా. ఆ పుస్తకానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఈ మధ్యలోనే, 2023లో, ‘చక్మక్’ పేరుతో ఇంగ్లీషు కవిత్వమూ వచ్చింది.

ఈ వరసలో నేర్చుకోవాల్సింది పురస్కారం గురించి కాదు. ఆయన బంజారాల భాష గోర్‌బోలి మాటల్ని తెలుగు వాక్యంలో అతిథుల్లా కూర్చోబెట్టలేదు, ఇంటివాళ్ళలా తిరగనిచ్చాడు. పాఠకుడికి ఒక్కోసారి మాట అర్థం కాదు, కథ అర్థమవుతుంది. కన్యాశుల్కం మొదటిసారి చదివిన రాయలసీమ కుర్రవాడికి ఎదురైన అనుభవం కూడా అదే. విశాఖ మాండలికం ఆపలేని పాఠకుణ్ణి గోర్‌బోలి మాట మాత్రం ఎందుకు ఆపుతుంది? కువి మాట ఎందుకు ఆపుతుంది?

తెలుగు నేల బయట కూడా ఇలాంటి దారులున్నాయి. పశ్చిమ కనుమల్లో మలయరయ తెగకు చెందిన నారాయణ్ తపాలా శాఖలో ఉద్యోగం చేశాడు. బయటివాళ్ళు తమ వాళ్ళను రాక్షసుల్లాగానో అమాయకుల్లాగానో రాయడం చూసి, ఇది మా కథ కాదని ‘కొచ్చరేత్తి’ నవల రాశాడు. రాసినదాన్ని అచ్చులో చూడటానికి ఆయన ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. 1998లో అది వెలువడ్డాక కేరళ సాహిత్య అకాడమీ అవార్డు పొందింది. మంచి పుస్తకానికి కూడా ప్రచురణకర్త తలుపు అంత నెమ్మదిగా తెరుచుకుంటుంది. ఆ ఎదురుచూపులో ఎంతమంది కలం పక్కన పెట్టి ఉంటారో ఎవరూ లెక్క కట్టలేదు.

ఝార్ఖండ్ వైద్యుడు హాంస్దా సౌవేంద్ర శేఖర్ కథ ఇంకో రకం. సంథాల్ రచయిత. 2015లో యువ పురస్కారం వచ్చింది, అదే ఏడు ‘ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్’ కథలు వచ్చాయి. 2017 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. సంథాల్ స్త్రీలను కించపరిచాడన్నది ఆరోపణ. డిసెంబరులో నిషేధం ఎత్తేశారు. ఆదివాసీ రచయిత మీద పడే బరువేమిటో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. ఇతరులు ఒక స్త్రీ కోరిక గురించి రాస్తే అది ఆ పాత్ర సంగతి. ఆదివాసీ రాస్తే మొత్తం తెగ సంగతి అయిపోతుంది. ఒక్క కుర్రవాడి భుజం మీద ఊరంతటి పరువు, జాతంతటి సాక్ష్యం పెడతారు.

ఈ ఉపన్యాసం నొక్కి చెప్పదలచుకున్న మాట ఇదే. అరకు నుంచి ఒక అమ్మాయి కథ పంపితే, సంపాదకుడూ విమర్శకుడూ అందులో ముందుగా వెతికేది గనుల తవ్వకం, డోలీ మోత, రక్తహీనత. అవన్నీ ఉన్నాయి, రాయాల్సినవే. 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పుట్టింది ఈ అనంతగిరి, బొర్రా కొండల భూముల్లోంచే. గిరిజన భూమిని బయటివాళ్ళకు గనుల కోసం కౌలుకివ్వకూడదన్న ఆ తీర్పు వెనక ఎన్ని నవలలున్నాయో రాసేవాళ్ళకే తెలియాలి. కానీ ఆ అమ్మాయి ప్రేమ కథ రాస్తే? దెయ్యం కథ రాస్తే? హాస్టల్లో వార్డెన్‌కు తెలియకుండా రాత్రిపూట నవ్వుకున్న నవ్వు రాస్తే? ఊళ్ళో తన వాళ్ళే తనకు చేసిన అన్యాయం రాస్తే? ‘ఇందులో గిరిజన జీవితం లేదు’ అని తిప్పి పంపే సంపాదకుడు, ముక్కు కొలిచిన థర్‌స్టన్‌కు వారసుడే. జీవితమంటే కష్టం ఒక్కటే అనుకోవడం, ఆ మనిషిని సగం మనిషిగా చూడటం. కథకుడు చాసోకు విజయనగరం వీధులు ఇచ్చినంత స్వేచ్ఛ, అరకు పక్కనున్న డుంబ్రిగుడ కుర్రవాడికి డుంబ్రిగుడ ఇవ్వాలి.

ఈ పిల్లల ఆశలు ఎలా ఉంటాయి? కొండల్లో చదువుకున్న యువతకు ఇంటివాళ్ళు చూపించే దారి టీచరు ఉద్యోగం, కానిస్టేబులు ఉద్యోగం, నర్సింగు. అది తప్పు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటికి గిరిజనుల అక్షరాస్యత 49 శాతం దగ్గరే ఉంది. ఇంట్లో మొదటిసారి బడి మెట్లెక్కిన పిల్లవాడి మీద ఆశ పెట్టుకున్న తండ్రి, ‘కవిని అవుతా’ అంటే సంబరపడడు. ఆ టీచరు ఉద్యోగం దారి కూడా ఇరుకైంది. ఏజెన్సీ బళ్ళలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దీన్ని ఉద్యోగాల లెక్కగా మాత్రమే చూశారు. పిల్లవాడి భాష వచ్చిన పంతులు తరగతిలో ఉంటాడా లేదా అన్నది సాహిత్యానికీ సంబంధించిన విషయమే. తన భాషలో చెప్పిన కథకు తలూపే పెద్దమనిషి బడిలో దొరికిన పిల్లవాడే రేపు రాస్తాడు.

ఆ ఎరుక ప్రభుత్వానికి ఒకప్పుడు కలిగింది. 2000 తర్వాతి దశకంలో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కోలామి, బంజారా – ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో, ప్రాథమిక వాచకాలు తయారయ్యాయి. గిడుగు చేసిన పనికి వందేళ్ళ తర్వాత దొరికిన కొనసాగింపు అది. ఆ వాచకాలు చిన్న తరగతుల దగ్గరే ఆగిపోయాయి. మూడో తరగతి దాటిన పిల్లకు తన భాషలో చదవడానికి ఒక కథల పుస్తకమైనా ఉండాలి కదా. అక్షరాలు నేర్పి, ఆ అక్షరాలతో చదవడానికి ఏమీ ఇవ్వకపోతే ఆ అక్షరాలు మూలపడతాయి.

ఇక లిపుల సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేసిన సత్తుపాటి ప్రసన్నశ్రీ ఈ కొండ భాషలకు కొత్త లిపులు రూపొందించారు. ఆ కృషికి నారీ శక్తి పురస్కారం కూడా వచ్చింది. సొంత లిపి ఉంటే వచ్చే గౌరవం వేరు. సంథాలీకి రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి ఇచ్చారు, 2003లో ఆ భాష ఎనిమిదో షెడ్యూలులో చేరింది. ఆ ప్రయాణానికి 78 ఏళ్ళు పట్టింది. సుమారు 60 వేల మంది మాట్లాడే కూబికి అంత ఓపిక పట్టే వ్యవధి ఉండకపోవచ్చు. ఇవాళ రాయాలనుకున్న ఇరవై ఏళ్ళ పిల్లకు బడిలో వచ్చిన తెలుగు లిపే చేతిలో ఉన్న పనిముట్టు. ముందు రాయడం జరగాలి. లిపి మీద తగువు పెద్దవాళ్ళు తర్వాత తీరిగ్గా పడవచ్చు.

ఏ భాషలో రాయాలన్నది మాత్రం ఆ పిల్లే తేల్చుకోవాలి. కెన్యా రచయిత గూగి వా థియోంగో ఇంగ్లీషులో పేరు తెచ్చుకున్నాక, 1970ల చివర జైలులో ఉండగా గికూయులో నవల రాయడం మొదలుపెట్టాడు. ఆయన నిర్ణయం గొప్పది. కానీ అది పేరు, పాఠకులు సంపాదించుకున్నాక తీసుకున్న నిర్ణయం. అరకు పిల్లను మాతృభాషలోనే రాయమని వేదికల మీద ఉపదేశించేవాళ్ళు, ఆ భాషలో పుస్తకం అచ్చు వేసే బాధ్యత కూడా తలకెత్తుకోవాలి. కథ తెలుగులో రాయనివ్వండి, పాట కువిలో రాయనివ్వండి, రెండు భాషలు ఒకే పేజీలో కలిపేయనివ్వండి. నాలుగు భాషల మధ్య పెరిగిన మనిషికి అదే సహజం.

నిజానికి పాట దగ్గర ఈ పని ఎప్పుడో మొదలైంది. థింసా నృత్యానికి పాడే పాటలు, ఇటుకల పండుగ పాటలు, కొర్రకొత్త, కందికొత్త పండుగల ముచ్చట్లు నోటి నుంచి ఫోనులోకి దిగాయి. ఆదివాసీ ఒడియాలో కొత్త పాటలు కట్టి, ఫోనుతోనే చిత్రీకరించి యూట్యూబులో పెట్టే కుర్రవాళ్ళు సరిహద్దుకు ఇటూ అటూ ఉన్నారు. సంపాదకుడి అనుమతి అక్కర్లేదు, తపాలా ఖర్చు లేదు. కొండల్లో చాలామంది యువకుల తొలి రచన అచ్చు కాగితం మీద కాదు, ఆ చిన్న తెర మీద వస్తోంది. సాహిత్య సభలు వాళ్ళను రచయితలుగా లెక్కపెట్టడం లేదు. జముకుల కథను సాహిత్యం అన్నవాళ్ళు వీటిని ఎందుకు అనకూడదు?

అచ్చు ప్రపంచం మాత్రం ఈ పిల్లలు వచ్చేసరికి చిక్కిపోయింది. 1978లో మొదలై, కొత్త రచయితలు ఎంతోమందికి తొలి మెట్టుగా నిలిచిన ‘విపుల’, ‘చతుర’ 2021లో ఆగిపోయాయి. వారపత్రికలు పలచబడ్డాయి. ఆదివారం అనుబంధాల్లో కథకు దొరికే చోటు అర పేజీ, ఒక పేజీ. మైదానపు కుర్రవాడికే ఇరుకైన ఈ గుమ్మంలోంచి, కొండల్లోని ముంచంగిపుట్టు నుంచి వచ్చే కుర్రవాడు దూరాలి. అతనికి సాహిత్య సభలకు తీసుకెళ్ళే మేనమామ లేడు, రాసింది చదివి ఎర్ర సిరాతో దిద్దే పొరుగింటి మాస్టారు లేడు.

ఈ లోటు తీర్చే మనుషులు ఉత్తరాంధ్రలో లేకపోలేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా అక్కడ ఉండాలన్నది ఆయన పట్టు. కొత్తవాడు కథ పంపితే ఓపికగా చదివి, ఎక్కడ బిగువు తగ్గిందో చెప్పే సంపాదకత్వం ఆయనది. 2021 జూన్‌లో ఆయన వెళ్ళిపోయారు. పాడేరు, అరకు, పార్వతీపురం కొండలకు అలాంటి ఒక చదువరి కావాలి. సానుభూతితో మెచ్చుకునే వ్యక్తి కాదు, వాక్యం పట్టుకుని నిలదీసే వ్యక్తి. జాలితో వేసిన కథ రచయితకు మేలు చేయదు. అతనికి అది తెలుస్తుంది కూడా.

అరకుకు బయటి ప్రపంచం రాకపోకలు తక్కువేమీ కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద, 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో పర్యాటకులు వస్తున్నారు. వలిసె పూలు పూసే కాలంలో పసుప్పచ్చని చేలల్లో నిలబడి ఫోటోలు దిగుతారు. అదే 2017లో అరకు కాఫీకి పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. గింజకు ఊరి పేరు దక్కింది. ఆ గింజ ఏరిన చేతుల ఇంటి నుంచి వచ్చిన పుస్తకం ఒకటి, ఆ రైలు ఎక్కే ముందు విశాఖ స్టేషన్‌లోని పుస్తకాల దుకాణంలో కొనుక్కునే వీలుండాలి.

అందుకు కావలసినవి ఊహకందని సంగతులు కావు. విజయనగరంలో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం 2019 నుంచి నడుస్తోంది. దానికి ఒక ప్రచురణ విభాగం, ఏటా కొండ భాషల నుంచి నాలుగైదు పుస్తకాలు తెచ్చే బడ్జెట్ ఉండాలి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం జిల్లాల్లోని ఆశ్రమ పాఠశాలల గ్రంథాలయాలు ఆ పుస్తకాలు తప్పనిసరిగా కొనాలి. ఒక్కో పుస్తకానికి కొన్ని వందల ప్రతుల అమ్మకం ఖాయమైతే ప్రచురణకర్త వెనకాడడు. కృష్ణమూర్తి 1969లో అచ్చు వేసిన కూబి పాఠాలను తెలుగు లిపిలో, బొమ్మలతో, చెప్పినవాళ్ళ వివరాలు దొరికినంత మేర చేర్చి, అరకు బళ్ళకు పిల్లల పుస్తకంగా తిరిగి ఇవ్వాలి. ఆదివారం అనుబంధాలు ఏడాదికి రెండు సంచికల్లో కథ పేజీని కొండ రచయితలకు కేటాయించి, ఆ సంచికలకు కొండ నుంచే ఒకరిని అతిథి సంపాదకులుగా పిలవాలి. ఫోనులో పాటలు కట్టే కుర్రవాళ్ళను, కథ రాసే ఉపాధ్యాయులను ఒకచోట కూర్చోబెట్టి మూడు రోజుల కార్యశాల పాడేరులోనో అరకులోనో పెట్టాలి. పిల్లలను విశాఖకు పిలిచి ప్రేక్షకుల్లో కూర్చోబెట్టే పద్ధతి మానాలి. వచ్చినవాళ్ళకు దారి ఖర్చులు, అచ్చయిన ప్రతి రచనకు పారితోషికం ఇవ్వాలి. ఆ పారితోషికం మైదానపు రచయితకు ఇచ్చేదానికంటే ఒక్క రూపాయి కూడా తక్కువ ఉండకూడదు.